నవాబు మూడవ సాలారుజంగు చరిత్రము

మన పాఠశాల బాలురలో కొందఱకు చిన్న చిన్న లోహపు విమానములను కూర్చుకొను వేడుక కలదు. అఱచేతిలో నిముడునట్టి యీ బొమ్మలు, కరగిన లోహమును ఉక్కు అచ్చులోనికి మిక్కిలి యొత్తిడితో పంపి చేయబడినవి. వీనిని డైకాస్టు బొమ్మలందురు. విమానము వచ్చిన అట్టపెట్టెను చింపక, దానిలోనే విమానము నుంచి, నెలకొకసారి తీసి చూచుకొని మఱల దాచు బాలు డొకడు. పెట్టెను పాఱవైచి, విమానమును కిటికీలో నిలిపి, వచ్చినవారికెల్ల చూపు బాలుడు మఱియొకడు. మొదటివాని విమానము నిన్న కొన్నట్లున్నది గాని, దానిని చూచి సంతోషించినవారు లేరు. రెండవవాని విమానమును వీధియంతయు చూచినది గాని, రెండేండ్లలో దాని రంగు వెలసినది, రెక్క వంగినది. ఈ యిద్దఱిలో తెలివిగలవా డెవడని యడిగిన నేమని చెప్పవలెను?

ఈ ప్రశ్న మన యిండ్లకు క్రొత్తది కాదు. సంక్రాంతి పండుగకు మన ప్రాంతమున అనేక గృహములలో బొమ్మలకొలువు తీర్తురు. మెట్లమీద తెల్లని వస్త్రము పఱచి, కొండపల్లి బొమ్మలను, మన తునికి అనతిదూరమున వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక లక్కబొమ్మలను వరుసగా నిలిపి, ఇరుగుపొరుగువారిని పేరంటమునకు పిలుతురు. కొలువు ముగిసిన వెనుక ముసలమ్మగారు ఒక్కొక్క బొమ్మను ప్రాతచీరపేలికలో చుట్టి, వేపాకు వేసి, చెక్కపెట్టెలో సర్ది, అటుకమీదికెక్కించును. కొలది దినములు చూపుట, తక్కిన యేడాదియంతయు దాచుట. దాచనిచో మఱుచటియేడు చూపుటకు బొమ్మ యుండదు. చూపనిచో దాచుటకు ప్రయోజనము లేదు. చదువురాని అవ్వ యెఱిగిన యీ మర్మమును మహానగరములోని మహాప్రభువొకడు సగమే యెఱిగి, తక్కిన సగమును తన మరణానంతరము లోకమునకు విడిచిపోయెను. ఆతని చరిత్రమే యీ వ్యాసము.

హైదరాబాదు సంస్థానమునకు 1853వ సంవత్సరము మొదలుకొని 1883 వఱకు ముప్పదియేండ్లు దివానుగా నుండిన మీర్ తురాబ్ అలీఖాన్ గారిని మొదటి సాలారుజంగందురు. ఇరువదినాలుగేండ్ల ప్రాయమున ఆ పదవిని స్వీకరించునప్పటికి సంస్థానము అప్పులలో మునిగియుండెను. పన్ను వసూలును గుత్తదారుల చేతులనుండి తప్పించి, దేశమును జిల్లాలుగా విభజించి, జీతముపై ఉద్యోగులను నియమించి ఆయన పరిపాలనమునకు క్రమము నేర్పఱచెను. 1876వ సంవత్సరమున ఐరోపాయాత్ర చేయుచు రోముపట్టణమున బెంజోని యను శిల్పి చెక్కిన పాలరాతి విగ్రహము నొకదానిని కొనెను. అది ముసుగు వేసికొనిన రిబ్కా. పరిశుద్ధగ్రంథమున ఇస్సాకు ఎదురువచ్చుట చూచి ముసుగు వేసికొనిన కన్యక కథ మన విద్యార్థులందఱకు తెలిసినదే. ఆ శిల్పి రాతిలోనే పలుచని ముసుగును, ఆ ముసుగుచాటున కనబడు ముఖమును చెక్కినాడు. రాయి యెక్కడ ముగిసి వస్త్ర మెక్కడ మొదలైనదో చెప్పుట కష్టము. ఈ విగ్రహము సముద్రము దాటి హైదరాబాదు చేరి, సాలారుజంగుల నివాసమగు దివాన్ దేవిడీలో నిలిచెను.

మొదటి సాలారుజంగు కుమారుడు మీర్ లాయఖ్ అలీఖాన్ గారు. ఆయనయు 1884 మొదలు 1887 వఱకు దివానుగా నుండెను. ఆ పదవి వదలిన వెనుక పూనానగరమున నుండగా 1889వ సంవత్సరము జూన్ 13వ తేదీన ఆయనకు కుమారుడు జన్మించెను. ఆ శిశువే మీర్ యూసుఫ్ అలీఖాన్, మన కథానాయకుడగు మూడవ సాలారుజంగు. బిడ్డ పుట్టి నెల నిండకమునుపే, జూలైనెలలో, తండ్రి మరణించెను. తాతగారు అంతకు ఆఱేండ్లు ముందే గతించిరి. కావున తండ్రి ముఖమునుగాని తాత ముఖమునుగాని యెఱుగని పసివాడు అపారమగు జాగీరులకు, ఒక గొప్ప పేరునకు, వస్తువులతో నిండిన యొక దేవిడీకి హక్కుదారు డయ్యెను.

ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ గారు ఆ బిడ్డయందు దయగలవాడై పెంపకమును గుఱించి శ్రద్ధ వహించెను. యుక్తవయస్సు వచ్చువఱకు ఆతని యాస్తి ప్రభుత్వ పర్యవేక్షణమున నుండెను. బాలుడు మదరసా-యె-ఆలియాలో విద్య నభ్యసించెను. ఇంటిలో ఆతనికి తోడబుట్టినవారి సందడి లేదు. పూర్వులు విడిచిన చిత్తరువులు, పింగాణీలు, ఆయుధములు, పుస్తకములు కలవు. ముసుగులోని రిబ్కా ప్రక్కనే ఆతడు పెరిగెను. తాతను తండ్రిని మాటలలో వినవలసినదే గాని, వారు తాకిన వస్తువులను మాత్రము తానును తాకి చూడగలిగెను. వస్తువులపట్ల ఆతనికి కలిగిన యనురాగమునకు మూల మిదియే యని తలచుట తప్పుగాదు.

1911వ సంవత్సరమున ఆఱవ నిజాము మరణించి ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్ సింహాసనమెక్కెను. మఱుచటి సంవత్సరమున, అనగా 1912లో, ఇరువదిమూడేండ్ల యూసుఫ్ అలీఖాన్ గారికి దివానుపదవి లభించెను. తాత ఆ పదవిలో ముప్పదియేండ్లుండెను. మనుమడు మూడేండ్లు నిండకమునుపే 1914వ సంవత్సరము నవంబరులో దానిని విడిచెను. అటుపిమ్మట అయిదేండ్లు నిజామే స్వయముగా పరిపాలనము నడపెను. ఇరువదియైదేండ్ల వయస్సున గొప్ప పదవిని విడిచిన జాగీరుదారుని జీవితము వేటలలోను విందులలోను గడచిపోవుట ఆ దినములలో వింతకాదు. మన నవాబు మాత్రము వేఱొక మార్గమును త్రొక్కెను. నాటినుండి మరణపర్యంతము ముప్పదియైదేండ్లు ఆయన వస్తువులను కూర్చుటయే తన యుద్యోగముగా నెంచెను. ఆయన వివాహము చేసికొనలేదు.

ఆయన ఐరోపాఖండమునందును పశ్చిమాసియా దేశములందును సంచరించి, తానే దుకాణములు తిరిగి కొనెను. తాను పోలేనిచోట్లకు ఆయన కోరిక పోయెను. విదేశములలోని వర్తకులు తమ సరకుల పట్టికలను ఆయనకు పంపుచుండిరి. దేశీయ వర్తకులు మూటలతో దేవిడీవాకిట వేచియుండిరి. మంచివస్తువు కలదని తెలిసిన ఆయన వెల చూచి వెనుదీయువాడు కాడని వర్తకులందఱు నెఱుగుదురు. అందువలన మేలైనవానితోపాటు సామాన్యమైనవియు, అనుకరణములును ఆయన సంగ్రహములో చేరినవి. నిపుణుల దృష్టి కిది లోపమే. కాని యొకే మనుష్యుని యభిరుచి యెంత విశాలముగా నుండగలదో తెలిసికొనగోరువారికి ఆ సామాన్యవస్తువులును పాఠమే చెప్పుచున్నవి.

ఆ సంగ్రహము యొక్క వైవిధ్యము నేమని వర్ణింతుము? మొగలాయి చక్రవర్తుల పేరుగల పచ్చరాతి వస్తువులు, పారసీక తివాచీలు, చీనా జపాను పింగాణీలు, ఫ్రెంచి గడియారములు, దక్కను చిత్రములు, దంతపు కుర్చీలు, వెండి తీగపనులు, బిదరీపాత్రలు, ఖడ్గములు, శాలువలు నందు కలవు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థవారి సంగీతగడియారము వానిలో నొకటి. గంట కొట్టవలసిన సమయమగుసరికి అందులోని తలుపు తెఱచుకొని గడ్డపువాడొకడు బయటికివచ్చి, గంటల లెక్కకు సరిగా దెబ్బలు కొట్టి లోపలికి పోవును. ఫ్రెంచి శిల్పి యొకడు ఒకే కొయ్యదుంగలో ఒకవైపు మెఫిస్టోఫిలీసు అను పిశాచమును, వెనుకవైపు మార్గరెటా అను తలవంచిన కన్యకను చెక్కెను. వెనుక అద్దమున్నందున చూపరికి రెండు రూపములు నొక్కసారియే కనబడును.

ఈ మహాద్రవ్యముల నడుమ పిల్లల యాటబొమ్మలును కలవన్నచో మీకు సంతోషము కలుగును. సంతానము లేని యా నవాబు బొమ్మలను, లోహపు సిపాయిల దండును కూర్చెను. పచ్చరాతి కత్తియెంత యోగ్యమో పిల్లవాని సిపాయిబొమ్మయు నంత యోగ్యమే యని ఆయన తలచియుండవలెను. ఆయన కూర్చుచున్న యా కాలముననే ఇంగ్లాండునందలి లివర్పూలు పట్టణములో ఫ్రాంక్ హార్న్బీ యనునాతడు పిల్లల యాటవస్తువుల కర్మాగారము నడపుచుండెను. ఆ కర్మాగారమునుండి 1934వ సంవత్సరమున డింకీ బొమ్మలను పేరుతో చిన్న కార్లు, విమానములు వెలువడెను. ఆ యేటనే ఆఱు విమానములు గల పెట్టె యొకటి విక్రయమునకు వచ్చెను. ఇప్పుడు బాలురు కూర్చు డైకాస్టు విమానములకు అవి పెద్దన్నలవంటివి. నాడు కొలది చిల్లరకు కొన్న యా పెట్టె చినుగక దొరకినచో నేడు దానికై పెద్దలు పోటీపడుచున్నారు. ఆటవస్తువు చరిత్రవస్తువగుటకు నూరేండ్లు కూడ పట్టలేదు.

ఇక ఈ కథలోని కష్టమైన భాగమునకు వత్తము. వస్తువులు వచ్చుట యంతకంతకు హెచ్చెను గాని, దేవిడీ గదులు హెచ్చలేదు. కొయ్యపెట్టెలలో గడ్డి క్రుక్కి పంపబడిన వస్తువులు వచ్చినవి వచ్చినట్లే నిలిచియుండెననియు, వానిలో కొన్ని యజమానుని జీవితకాలమున తెఱవబడనేలేదనియు చెప్పుకొందురు. చూచువారు నవాబుగారి యతిథులు, స్నేహితులు, విద్వాంసులు మాత్రమే. నగరములో తిరుగు సామాన్యునికి గోడయవతల నేమున్నదో తెలియదు. జాగీరు గ్రామములలో నాగలి పట్టిన రైతునకు అసలే తెలియదు. అయినను ఆ వస్తువుల మూల్యము చివరకు వచ్చినది ఆ రైతు చెల్లించిన శిస్తునుండియే. గ్రీకు శిల్పము ననుకరించు విగ్రహమైనను, పారిసు గడియారమైనను, తెలంగాణపు చెలకలో రాలిన చెమట దానికి వెల. చరిత్ర వ్రాయువాడు ఈ మాటను దాచుట న్యాయము కాదు. పూర్వజుల ఘనతను కీర్తించునపుడు దానికి వెల యిచ్చినవారిని తలచుట మన ధర్మము.

అట్లని నవాబును లోభియనుట తగదు. ఆయన పండితులను కవులను ఆదరించెను. గ్రంథప్రచురణమునకు ధనసహాయము చేసెను. అరబ్బీ, పారసీక, ఉర్దూ వ్రాతప్రతులు వేలకొలది ఆయన గ్రంథాలయమున చేరినవి. ఏ వస్తువునైనను మరల విక్రయించి లాభము పొందవలెనని ఆయన కొనలేదు. ఆయనకు సంగ్రహము వ్యాపారము కాదు, ఆడంబరము మాత్రమును కాదు. అది యొక యెడతెగని దాహము. దాహముగలవానికి నీరు త్రాగుట తెలియును గాని, చెరువు త్రవ్వి గట్టు కట్టుట యనునది వేఱు పని. పట్టిక వ్రాయుట, గదుల నేర్పఱచుట, తన వెనుక నెవరు కాపాడవలెనో నిర్ణయించుట అను పనులు వెనుకబడెను.

1948వ సంవత్సరము సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసెను. ఆ మార్పు జరిగి ఆఱుమాసములైనను గడవకమునుపే, 1949వ సంవత్సరము మార్చి 2వ తేదీన, మూడవ సాలారుజంగు తన యఱువదియవయేట కన్నుమూసెను. అదే సంవత్సరము ఆగస్టులో జాగీరులు రద్దు చేయబడినవి. ఎవరి శిస్తుతో నా వస్తువులు చేరెనో ఆ జాగీరులును, వానిని చేర్చిన ప్రభువును ఒక్క యేటనే మాయమైరి. మిగిలినవి పెట్టెలు మాత్రమే.

అప్పుడు కలిగిన యపాయమును మీరు చక్కగా గ్రహింపవలెను. నవాబునకు సంతానము లేదు. బంధువులు పలువురు తమ తమ హక్కులను చెప్పుకొనిరి. పచ్చరాతి కత్తి యొకరికి, గడియారము వేఱొకరికి, రిబ్కా మఱియొకరికి అని పంచియుండినచో, ఆ వస్తువులు ప్రపంచపు నాలుగుమూలలకు అమ్ముడుపోయి, నేడు వాని జాడ చెప్పువాడే యుండడు. ముప్పదియైదేండ్ల కృషి ముప్పదియైదు దినములలో చెదరిపోవుట కెంతమాత్రము ఆటంకము లేదు. చిమ్మెట, తుప్పు, దొంగ అను మువ్వురు శత్రువులను మనమెఱుగుదుము. పట్టిక లేని సంగ్రహమునకు పంపకము నాలుగవ శత్రువు.

భారతప్రభుత్వము ఆ యేటనే అత్యవసరశాసన మొకటి గావించి, నవాబుగారి యాస్తిని కాపాడుటకు ఒక సంఘము నేర్పఱచెను. అప్పుడు హైదరాబాదు పరిపాలనాధికారిగా నుండిన ఎం. కె. వెల్లోడి గారికి ఈ వస్తువులు నలుగురు చూచు ప్రదర్శనశాలగా నుండవలెనను తలంపు కలిగెను. ఆ పనికి జేమ్స్ కజిన్సు గారిని పిలిపించిరి. కజిన్సుగారు ఐర్లండు దేశీయుడు, కవి, కళావిమర్శకుడు. మన తెలుగుదేశమునకు ఆయన క్రొత్తవాడు కాడు. నాటి చిత్తూరుజిల్లాలోని మదనపల్లె కళాశాలలో ఆయన ప్రధానాచార్యుడుగా నుండినపుడే, 1919వ సంవత్సరమున, రవీంద్రనాథ ఠాకూరు గారచటికి విచ్చేసి జనగణమన గీతము నాంగ్లమున వ్రాసిరి. కజిన్సుగారి సతీమణి దానికి స్వరము కూర్చిరి. తరువాత మైసూరులోను తిరువనంతపురములోను చిత్రశాలలు వెలయుటకు ఆయన తోడ్పడెను. డెబ్బదియైదేండ్లు దాటిన యా వృద్ధుడు దివాన్ దేవిడీలో పెట్టెలనడుమ నిలిచి ఈ చివరి మహాకార్యమునకు పూనుకొనెను.

ఆ పని యెట్టిదో యూహింపుడు. ఒక పెట్టెలో పింగాణీగిన్నె, దాని క్రింద ఖడ్గము, మఱియొకదానిలో బొమ్మ యున్నచో, మొదట ఏది యెక్కడిదో గుర్తింపవలెను. తరువాత దేశమునుబట్టి, జాతినిబట్టి వేఱుచేయవలెను. ఒక్కొక్కదానికి సంఖ్య వ్రాసి పట్టికలో నెక్కింపవలెను. ఏది వెలుతురును సహించును, ఏది సహింపదు, ఏది అద్దములో నుండవలెను అని విచారింపవలెను. ఇట్లు దాచబడినది చూపబడునదిగా మారెను. 1951వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన ప్రధానమంత్రి జవహర్లాల్ నెహ్రూ గారు దివాన్ దేవిడీలోనే ఆ ప్రదర్శనశాలను ప్రారంభించిరి. గోడయవతల నేమున్నదో యెఱుగని నగరవాసి గోడదాటి లోనికి నడచెను. శిస్తుకట్టిన రైతు కుమారుడును టిక్కెట్టు కొని రిబ్కా యెదుట నిలుచుటకు హక్కుగలవాడయ్యెను.

అయినను కథ యింకను ముగియలేదు. 1958వ సంవత్సరమున న్యాయస్థానము మూలముగా జరిగిన రాజీచే వారసులు తమ వివాదమును విడిచి, ఆ సంగ్రహమును భారతప్రభుత్వమునకు అప్పగించిరి. తమకు రాదగిన ధనమును జాతికి వదలిన యా కుటుంబీకులను కృతజ్ఞతతో స్మరింపవలెను. 1961లో పార్లమెంటు ఒక చట్టముచేత ప్రదర్శనశాలను, దాని గ్రంథాలయమును జాతీయప్రాముఖ్యముగల సంస్థగా ప్రకటించెను. 1968లో మూసీనది దక్షిణపుటొడ్డున కట్టిన నూతనభవనమునకు వస్తువులన్నియు చేరెను. అనగా పాలరాతి రిబ్కా మొదలుకొని పిల్లల సిపాయి వఱకు ప్రతివస్తువును మఱల చుట్టి, మఱల సర్ది, మఱల విప్పవలసివచ్చెను. పట్టికయు సంఖ్యయు నున్నందుననే అది సాధ్యమయ్యెను. నేడు అందు 40,000 లకు మించిన కళావస్తువులు కలవు. దివాన్ దేవిడీ చాలవఱకు కాలగర్భమున కలిసెను గాని, దానిలోని వస్తువులు నిలిచియున్నవి. మన తునినుండి రాత్రి రైలెక్కినచో మఱునాటి యుదయమునకు హైదరాబాదు చేరి, మీరును గడ్డపువాడు గంట కొట్టుట చూడవచ్చును.

ప్రదర్శనశాలకు పోయినవారు అద్దములలోని వస్తువులను చూచి వత్తురు గాని, చూడనివాని నెఱుగరు. ఏ పెద్ద ప్రదర్శనశాలయు తన సొత్తంతయు నొక్కసారి చూపదు. కొంతభాగము కొలువుతీరియుండును, మిగిలినది చల్లని గదులలో పెట్టెలలో నిదురించుచుండును. మన ముసలమ్మగారి పద్ధతియే యిది.

ఆ పెట్టెలను గుఱించి నేటి శాస్త్రము చెప్పు సంగతులు కొన్ని, విమానములు దాచు బాలురకు పనికివచ్చునవి, ఇచట వ్రాయుదును. మొదటి శత్రువు వెలుతురు. ఎండ తగులు కిటికీలో నుంచిన రంగు వెలయును. ఒకసారి వెలసిన రంగు మఱల రాదు. రెండవది తేమ. మన గోదావరిసీమలోను సముద్రతీరమునను వానకాలపు గాలి లోహమునకు విషము. పెట్టెలో తేమను పీల్చు సిలికా గుళికల పొట్లమొకటి యుంచి, అప్పుడప్పుడు మార్చవలెను. మూడవది మనము రక్షకుడని నమ్ము పెట్టెయే. చవుక అట్టలోను, కొన్ని జాతుల కొయ్యలోను ఆమ్లముండును. సీసపు సిపాయిలను అట్టి కొయ్యబీరువాలో మూసియుంచినచో తెల్లని పొడి పట్టి క్షీణించును. కావున ఆమ్లములేని కాగితమును నడుమ నుంచి చుట్టుట మంచిది. రబ్బరు చక్రములు రంగుపూతను తాకుచు ఏండ్లతరబడి యుండినచో అచట మచ్చ పడును. ఎండకు కాగు అటుకమీదను, చెమ్మగల నేలమీదను పెట్టెల నుంచరాదు. ఒకదానిపై నొకటి బరువుగా పేర్చరాదు. చెమటచేతితో గాక శుభ్రమగు మెత్తని గుడ్డతో పట్టవలెను.

ఇన్ని చేసినను కాపాడజాలని విమానము లుండును. డైకాస్టు బొమ్మల లోహములో ప్రధానమైనది తుత్తునాగము, అనగా జింకు. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము చేసిన కొన్ని బొమ్మలలో ఆ జింకుతోపాటు సీసము మిక్కిలి కొలదిగా కలిసిపోయెను. ఆ కొలదిమాత్రపు కల్మషముచేతనే, పైకి నిగనిగలాడు రెక్కలు లోలోపల పగిలి, ఏండ్లు గడచిన వెనుక ముట్టుకొనినంతనే పొడియగుచున్నవి. పోతలో చేరిన దోషమును ఏ పెట్టెయు మాన్పలేదు. శీలమును గుఱించి ఉపాధ్యాయులు మీకు చెప్పుమాట యిదియే. చిన్న విమానము దానిని వేఱువిధముగా చెప్పుచున్నది.

కాబట్టి మొదట నడిగిన ప్రశ్నకు మూడవ సాలారుజంగు జీవితమే యుత్తరము. కేవలము దాచిన బాలుడు నవాబువలె నున్నాడు. ఆతని మరణానంతరము పెట్టె తెఱచువారు దొరకుట దైవాధీనము. కేవలము చూపిన బాలునికి కొలదికాలమునకు చూపుటకేమియు మిగులదు. పెట్టెను పాఱవేయకుడు, అది విమానమునకు ఇల్లు. ఒక చిన్న పుస్తకమున ప్రతివిమానమునకు సంఖ్యవేసి, పేరును, కొన్న దినమును, ఇచ్చినవారి పేరును వ్రాసికొనుడు. వంతులవారిగా కొన్నింటిని అద్దపుబీరువాలో, ఎండ తగులనిచోట నిలుపుడు. తక్కినవానికి విశ్రాంతి నిండు. విమానము కొనలేని సహపాఠిని ఇంటికి పిలిచి చూపుడు. ఆతడు దానిని చేతబట్టి చూడగోరినచో పట్టుకొను విధము నేర్పుడు, కాదనకుడు. తలిదండ్రులును తమ బిడ్డల యీ వేడుకను వ్యర్థమని త్రోసివేయక, దానిలో క్రమమును ఔదార్యమును అలవఱుపవలెనని ప్రార్థన.

తనకిచ్చిన తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని కథ మనము ప్రతిసంవత్సరము వినుచున్నాము. మూడవ సాలారుజంగు తలాంతులను పాతిపెట్టలేదు, వ్యయపఱచి పెంచెను. కాని పెట్టెలనుండి వానిని వెలుతురులోనికి తెచ్చు భాగ్యము ఇతరులకు దక్కెను. తండ్రి ముఖమెఱుగని యా బిడ్డ పూర్వులు విడిచిన వస్తువులనడుమ నొంటరిగా పెరిగెను. నేడు ఆ వస్తువుల నడుమ ప్రతిదినము వేలకొలది బాలబాలికలు కేకలువేయుచు తిరుగుచున్నారు. గడియారము దగ్గఱ గుంపుగా నిలిచి గడ్డపువాని రాకకై కాచుకొనుచున్నారు. ఆతడు వచ్చి గంట కొట్టినపుడు వారి ముఖములలో వెలుగు సంతోషమే, సంతానములేని యా నవాబునకు కలిగిన సంతానము.